నూనె తాగిన మరిగె

మా మేనత్త రాజమ్మ అంటే నాకు పడదు. సచ్చిపోయినోళ్ళ మీద కోపం ఉంచుకోవద్దని ఇంట్ల అందరు చెప్పి చూసిండ్రు. నేను ఉంచుకున్న. ఆమె పోయి ఇన్నేండ్లయినా ఆ కోపం చెడిపోలే, ఉప్పుల ఊరేసిన కాయ లెక్క గట్టిగనే ఉన్నది. అందుకే మొన్న కోదాడల, మా చిన్నాయన కొడుకు రమణ కొత్తగ తెరిచిన బంగారం దుకాణంల, గాజు పెట్టె లోపల దీపం కింద ఆమె మరిగెను చూసినప్పుడు, దాని పక్కన పెట్టిన పలక మీద అక్షరాలు చదివినప్పుడు, నా ఒళ్ళంత మండింది. "మా కుటుంబపు ప్రేమమూర్తి, సహనశీలి రాజమ్మ గారు బంగారం కడిగిన పవిత్ర పాత్ర" అని రాయించిండు. ప్రేమమూర్తి అట. సహనశీలి అట. ఆమెతోని ఒక్క పూట గడపనోడు, ఆమె చేతి మొట్టికాయ ఒక్కటి తిననోడు రాయించిన మాటలు. ఆమెను తిట్టే హక్కు నాకున్నది, ఒళ్ళు హూనం చేసుకొని సంపాదించుకున్న. పొగిడే హక్కు వీనికి ఎవరిచ్చిండ్రు?

పిడికిలి బిగించి ఆ అద్దాన్ని ఒక్క దెబ్బకు పగలగొట్టిన. గాజు పెంకులు పాలరాతి బండల మీద జలజల రాలినయి, దుకాణమంత కొయ్యబారిపోయింది. ఇట్ల రాస్తే బాగుంటదని రాసిన గని, జరిగింది వేరు. అద్దం మీద వేలితోని టకటక కొట్టిన, అంతే. కౌంటర్ కాడ నిలబడ్డ పిల్ల "సార్, టచ్ చేయకండి" అన్నది. చెయ్యి తీసిన.

అసలు ఆ మరిగె వాని చేతికి ఎట్ల పోయిందో చెప్పాలె. సూర్యాపేటల మా ఇంటి సామాన్ల అర్రల ఉండేది. నేను కంటి ఆపరేషన్‌కు దవాఖానల పండుకున్నప్పుడు రమణ నన్ను చూడొచ్చిన వంకతోని ఇంటికి పోయి మా కోడలిని అడిగిండు, ఆమె ఇచ్చేసింది. ఆమెది తప్పు కాదు. ఆమె దాంట్ల ఉల్లిగడ్డలు పోసుకునేది, వాటికి ప్లాస్టిక్ బుట్ట ఒకటి చూసుకున్నది. కండ్లు మంచిగయి ఇంటికొచ్చి నేను మొదలు చూసింది ఆ ప్లాస్టిక్ బుట్టనే.

మరిగె అంటే ఈ కాలం వాళ్ళకు తెల్వదు. ఒకే మొద్దులకెళ్ళి తొలిచిన కొయ్య పళ్ళెం, నడుమ లోతు, ఒక పక్క అంచు పలచగ, నీళ్ళు అటుదిక్కే ఒంపేటట్టు. మా మనవలకు నేను అది బండి చక్రమంత ఉంటదని చెప్పిన. చాట కన్న కొంచెం పెద్దది, అంతే. మా పెద్దలు కృష్ణ ఇసుకల బంగారం కడిగినోళ్ళని కూడ చానామందికి చెప్పిన, కొందరు నమ్మిండ్రు, ఒకాయన నాకు శాలువ కూడ కప్పిండు. అది కూడ నేను అల్లిందే. వాళ్ళు కడిగింది ఇనుపరాయి. ఆత్మకూరు దిక్కు గుట్టల కాడ రాయి తవ్వి తెచ్చి, రోకండ్లతోని దంచి పొడి చేసి, వాలుగ తవ్విన కాలువల పోసి పైకెళ్ళి నీళ్ళు వదిలేటోళ్ళట. తేలికైన మట్టి నీళ్ళెంబడి పోతది, బరువైన నల్లపొడి కాలువ అడుగున ఆగుతది. ఆ నల్లపొడిని మరిగెల వేసి మళ్ళ కడిగి కొలిమికి ఇచ్చేటోళ్ళు. ఫ్యాక్టరీ ఇనుము వచ్చినంక కొలుములు ఆరిపోయినయి గని చేతుల పని చేతులల్లనే ఉండిపోయింది. గుట్ట రాయి పోయి బజారు మట్టి వచ్చింది. అవుసలోళ్ళు, అదే కంసాలోళ్ళు, నగను ఆకురాయితోని రాకుతుంటే కంటికి కనపడని పొడి రాలుతది, కాళ్ళకంటుతది, చీపురుకంటుతది, ఆఖరికి బజారు మురికి పారే మోరిల పడతది. ఆ మోరి మట్టిని ఎత్తి తెచ్చి, రాయిల ఇనుమును కడిగి తీసినట్టే బంగారాన్ని తీసుడు మా ఇంటి పని అయింది.

రాజమ్మత్త మిర్యాలగూడల మొగుణ్ణి ఇడిసిపెట్టి, చంకల ఈ మరిగె ఒక్కటి పెట్టుకొని మా ఇంటికి వచ్చింది. "ఆయనకేమైంది వదినా?" అని మా అమ్మ అడిగితే, "ఏం కాలే, బతికే ఉన్నడు, అదే నా బాధ" అన్నదట. వచ్చిన నాటి నుంచి ఇల్లు ఆమెదే. వాకిట్ల సిమెంటు తొట్టి పక్కన చుట్ట కాల్చుకుంట కూసునేది. చుట్ట పొగ, కుంకుడుకాయ పులుపు, మోరి కంపు, ఈ మూడు కలిసిన వాసననే నా చిన్నతనం. మల్లెపూలో పాల మీగడో గుర్తుకొస్తదని రాసేటోళ్ళను చూస్తే నాకు కుళ్ళు.

కడిగే రోజు ఇంట్ల ఎవ్వరు తలకు నూనె పెట్టొద్దు. పొయ్యి మీద తాలింపు పడొద్దు. అన్నం, పచ్చి పులుసు, అంతే. ఎందుకంటే సన్న బంగారానికి జిడ్డు తగిలితే మునగది. నీళ్ళ మీద పొర లెక్క తేలి, మట్టితోని కలిసి అంచు దాటి పోతది. అంత బరువైన సరుకు, ఒక్క నూనె బొట్టుకు ఈక లెక్క లేచిపోతది. అందుకని ఆమె పొద్దుగాల లేవంగనే వరుసగ మా అందరి తలలు వాసన చూసేది. పండక్కి తలంటుకున్న మా అమ్మ జడ కూడ పట్టి చూసి, "నీ జడల గానుగ పెట్టుకున్నవా ఏంది? పో, నా తొట్టి దిక్కు రాకు" అన్నది. అమ్మ ఆ మాటకు చానా ఏండ్లు ఏడ్చింది. నేనింకా మరువలే.

నన్ను ఆమె బస్సుల ఎంబడేసుకొని మూడూర్లు తిప్పింది. మట్టి సంచులు ఎక్కిస్తుంటే కండక్టర్లు లొల్లి పెట్టేటోళ్ళు. "ఏందమ్మా ఈ కంపు, దించు!" అని ఒకడు అరిస్తే, "నీ టిక్కెట్ల సంచి కన్న శుద్ధమే బిడ్డా, కావాలంటే వాసన చూసుకో" అని వాని ఒడిల పెట్టింది. మిర్యాలగూడ మట్టి నాకిష్టం. రైస్ మిల్లుల ఊక కలిసి ఉంటది, మొదటి నీళ్ళకే పైకి తేలి పోతది, చెయ్యికి సుఖం. కోదాడ మట్టి సున్నపు దుమ్ముతోని జిగటగ ఉంటది, నానబెట్టి పిసకాలె. సూర్యాపేట మట్టి అన్నిటికన్న పాడుది. పెద్ద రోడ్డు మీది లారీల నూనె మోరీలల్లకు దిగి ఉంటది, కుంకుడు పులుసు పోసి ఒకటికి రెండు మాట్ల రుద్దితే తప్ప లొంగది. కండ్లు మూసుకొని వేలితోని ఏ ఊరి మట్టో చెప్పేటోణ్ణి నేను. అంటే, మిర్యాలగూడది చెప్పేటోణ్ణి, ఊక తగుల్తది కాబట్టి. మిగిలిన రెండు తప్పు చెప్పి మొట్టికాయలు తిన్న.

కడుగుడు ఎట్లంటే, మట్టి మరిగెల పోసి నీళ్ళల్ల ముంచి, చేతులతోని కలియబెట్టి, ఒకపక్కకు ఒంచి ఊపాలె. బురద పోతది. మళ్ళ నీళ్ళు. గులకరాళ్ళు ఏరి పడేయాలె. మళ్ళ నీళ్ళు. తెల్లిసుక పోతది. వీపు గుంజుతది, వేళ్ళు నానిపోయి ముసలోళ్ళ వేళ్ళయితయి. కడకు నల్లిసుక మిగులుతది, గుప్పెడంత. అప్పుడు వస్తయి చివరి నీళ్ళు. మరిగెను అటు కాదు ఇటు కాదు అన్నట్టు మెల్లగ తిప్పుతె, నల్లిసుక పక్కకు జరిగి, దాని ఎనక సన్నగ పసుపు గీత ఒకటి సాగుతది. దాన్ని తోక అంటం. ఆ తోక తీసే తిప్పుడు ఒక్కటే విద్య, మిగిలిందంత గొడ్డు చాకిరి. గొడ్డు చాకిరి నాది, తోక ఆమెది. చివరి నీళ్ళ కాడికి వచ్చేసరికి ఆమె చెయ్యి పక్కకెళ్ళి చాపేది, మాట కూడ ఉండేది కాదు. నేను మరిగెను ఆ చేతిల పెట్టాలె, లేచి దూరం పోవాలె. "ఒక్కపారి నన్ను తిప్పనియ్ అత్తా" అని అడిగితే నా అరచెయ్యి పట్టి వాసన చూసి, "చెమట జిడ్డు. నీ చేతికి బంగారం ఆగదు, పో" అనేది. ఇన్నేండ్లల్ల నేను చానామందికి తోక తీసి చూపెట్టిన అని చెప్పిన. ఒక్కనాడు కూడ తియ్యలే.

ఇగ మా చిన్నాయన సంగతి. అత్త తోడబుట్టిన తమ్ముడు. ఆయన కూడ ఇదే తొట్టి కాడ పుట్టి పెరిగిండు గని, అవుసలి పని నేర్చుకొని కోదాడల చిన్న దుకాణం పెట్టిండు. దుకాణం పెట్టినంక అక్క మోరి కడుగుతదన్న మాట ఆయనకు నామోషి అయింది. బజార్ల అత్త కనపడితే లోపలికి పోయేటోడు. అది గమనించి అత్త కావాలనే ఆయన దుకాణం ముందర మోరి దగ్గర ఎక్కువ సేపు కూసునేది. ఒకనాడు ఎండ పూట, అక్కడ మట్టి ఎత్తబోయి ఆగింది. చిటికెడు తీసి వేళ్ళ నడుమ రుద్దింది. వాసన చూసింది.

"నువ్వుల నూనె," అన్నది.

నేను లారీ నూనె కావచ్చన్న.

"లారీ నువ్వుల నూనెతోని నడుస్తదిరా, తెలివిమంతుడా? దీపాల నూనె. డబ్బ డబ్బ ఒంపిండ్రు." దుకాణం దిక్కు తిరిగి బజారంత ఇనేటట్టు అన్నది. "ఈ బజార్ల అందరికి నా మీద మంటనే. రాయి వేసేటోడు రాయి వేస్తడు, పేడ పోసేటోడు పేడ పోస్తడు. నూనె పొయ్యాలన్న తెలివి మాత్రం కడిగే ఇంట్ల పుట్టినోనికి తప్ప రాదు. రారా తమ్మీ, బయటికి రా!"

చిన్నాయన గడప మీదికి వచ్చిండు. "అక్కా, జర లే ఈడికెళ్ళి. గిరాకి వచ్చే యాళ్ళ."

"గిరాకిని రానీ. నీ గడప నీది, మోరి సర్కారుది."

"నీకు తిండి పెట్టనన్ననా? ఇంటికి రా, కూసోబెట్టి బువ్వ పెడత. ఈ మోరి కడుగుడు బంద్ చెయ్."

"నీ బువ్వల గూడ ఇదే నూనె పోస్తవా?"

బజారు నవ్వింది. చిన్నాయన మొఖం రాగి చెంబు లెక్క అయింది. నేను పోయి ఆయన అంగి కాలర్ పట్టుకొని, "మా అత్త మట్టిల నూనె పోస్తవా!" అని గుంజిన. ఇది నేను పెండ్లయిన కొత్తల మా ఆమెకు చెప్పిన కథ. ఆ టైముల నేను సోడాబండి ఎనక ఉన్న. సోడా తాగుతున్న కూడ.

అత్త లేవలే. సంచి పరుచుకొని ఆయన గడప ముందరనే కూసున్నది. నన్ను పిలిచి కుంకుడుకాయలు దంచుమన్నది, బోరింగు నీళ్ళు మోయుమన్నది. ఆ నూనె మట్టిని పులుసుల పిసికి, కడిగి, మళ్ళ పిసికింది. నురగ బస్టాండు దాకా పోయింది. సరే, పక్కన చెప్పుల దుకాణం దాకా. పొద్దుగూకే యాళ్ళకు నల్లిసుక మిగిలింది. ఆ పూటంత నీళ్ళు మోసి నా భుజాలు కాయలు కాసినయి, ఈ ఒక్కపారి నాకిస్తదనుకున్న. చెయ్యి చాపింది. ఇచ్చిన. తిప్పింది. సన్నదే గని తోక వచ్చింది. తడి వేలితోని అద్ది, గడప మీద నిలబడ్డ తమ్ముని కండ్ల ముందర పెట్టింది.

"సూస్కో. నీ ఆకురాయి కింద రాలింది నీకు కనపడలే. నీ నూనెల దాగింది నాకు కనపడ్డది."

కొంగున ముడేసుకొని లేచింది. అక్కా తమ్ముడు సచ్చేదాక మళ్ళ మాట్లాడుకోలే. నాకు ఆ రోజు సోడా పైసలు కూడ ఇయ్యలే, అది వేరే సంగతి.

ఇదంత మనసుల మెదులుతుంటే రమణ నవ్వుకుంట వచ్చిండు. "అన్నయ్యా! ఎలా ఉంది? అత్తయ్య జ్ఞాపకంగా పెట్టించాను. మీ ఇంట్లో మసిపట్టి ఉండేది, చూడు ఇప్పుడు ఎలా మెరుస్తుందో. అవిసె నూనె మూడు పూతలు పట్టించా, పైన పాలిష్."

"నూనెనా?"

"చెక్క పగలకుండా ఉంటుందన్నారు."

"మీ నాయిన మోరిల పోసిండు. నువ్వు మరిగెలనే పోసినవ్."

వానికి అర్థం కాలే. నిజంగనే తెల్వదు. కడిగిన ఇంటి రక్తం, నూనె ఏం చేస్తదో తెల్వకుంట పెరిగింది. తండ్రి తెలిసి చేసిండు, కొడుకు తెల్వక చేసిండు. తెలిసి చేసినాయననే నయం అనిపించింది నాకు, కనీసం పని వచ్చినోడు. నేను గడప ముందర జరిగిన సంగతి మొత్తం చెప్పిన, సోడాబండి ముచ్చట తప్ప.

"అదంతా ఇప్పుడెందుకు అన్నయ్యా, పాత గొడవలు. నాన్నకి అత్తయ్యంటే ప్రాణం."

"పెట్టె తియ్."

"కస్టమర్లు వచ్చే టైమ్, తర్వాత..."

"మీ నాయిన గూడ గిదే అన్నడు. తియ్ రమణా, లేకుంటే ఈడనే నిలబడి మీ ప్రేమమూర్తి మాట్లాడిన మాటలు ఒక్కొక్కటి చెప్త. ఆడోళ్ళు ఉన్నరు, బాగుండది."

తీసిండు. మరిగె ఎత్తుకొని మెట్ల మీద కూసున్న. నీళ్ళ క్యాన్ కాడ గ్లాసు నింపి పోసిన. నీళ్ళు కొయ్యను అంటలే. తామరాకు మీద లెక్క బొట్లు బొట్లుగ ఉరికి అంచు దాటి దుమికినయి. ఎంత సన్న పొడినయినా పట్టి ఆపిన కొయ్య అది, నీళ్ళనే ఆపలేకపోయింది. పక్క కిరాణంల కుంకుడుకాయలు అడిగితే పిల్లగాడు షాంపూ ప్యాకెట్లు చూపెట్టిండు. అవే కొన్న. పక్కన ఇల్లు కట్టే పని జరిగే కాడ ఇటిక ముక్క ఒకటి దొరికింది. రుద్దుడు మొదలుపెట్టిన. నురగ మెట్ల మీదికెళ్ళి కారింది. మోరిల పడలే, ఇప్పుడు మోరి సిమెంటు పలకల కింద ఉన్నది.

"ఏంటన్నయ్యా ఇది! పరువు తీస్తున్నావ్! అందరూ ఫోన్లు తీస్తున్నారు!"

"తీయనీ. ముఫత్ అడ్వర్టైజ్‌మెంట్, పైస ఖర్చు లేకుంట."

"ఈ వయసులో నీకేం వచ్చింది?"

"ఈ వయసుల ఇదొక్కటే వచ్చు."

వాని దవడలు బిగుసుకున్నయి. వాళ్ళ నాయిన మొఖమే అయింది. "తీసుకెళ్ళు. ఆ చెక్కా నీకే, ఆ ముసలిదీ నీకే. మళ్ళీ నా గడప తొక్కకు." ఆ ముసలిది అన్నడు. ఆ పూట వాడు మాట్లాడిన మాటలల్ల అదొక్కటే నిజమైన మాట. పోయేముందర నేను వంగి, వాని గడప మీది దుమ్ము రుమాలులకు ఊడ్చుకున్న. కౌంటర్ పిల్ల దిష్టి తీస్తున్ననేమో అనుకున్నది.

సూర్యాపేట బస్సుల మరిగె ఒడిల పెట్టుకొని గెలిచినోని లెక్క వచ్చిన. నాకేం బాధ కాలే. ఇది కూడ దిద్దాలె. మా నాయిన తరఫున నాకు మిగిలింది వాడొక్కడే. నకిరేకల్లు దాటంగనే ఏడుపొచ్చింది. చూడుండ్రి, కోదాడ నుంచి సూర్యాపేటకు వచ్చే బస్సు నకిరేకల్లు ఎట్ల దాటుతది? అబద్ధం కూడ సరిగ్గ అతకని వయసు వచ్చింది. ఏడ్వలే. మునగాల కాడ బస్సు ఆగితే నీళ్ళు తాగిన, అంతే.

అప్పటి నుంచి రోజు పొద్దుగాల బూడిదతోని, ఇటిక పొడితోని మరిగెను తోముతున్న. కుంకుడుకాయలు మా కోడలు ఆన్‌లైన్‌ల తెప్పించింది, అవి కూడ పొడి చేసి డబ్బాల వేసి అమ్ముతున్నరట. తలకు నూనె బంద్ చేసిన. "మామయ్యా, మాడు పగుళ్ళు వచ్చినయి, కొంచెమన్న పెట్టుకోండి" అంటది ఆమె. "తొట్టి దిక్కు రాకు" అన్న ఒకనాడు. అన్నంక తెలిసింది, ఆ గొంతు నాది కాదని. అంత అసహ్యించుకున్న మనిషి మాట నా నోట్ల ఎన్నడు కాపురం పెట్టిందో.

చానా దినాలు బొట్లే. ఒక పొద్దు నీళ్ళు పోస్తే జారలే. కొయ్య మీద పలచగ పరుచుకొని నిలబడ్డయి, మరిగె పాత లెక్క నల్లగైంది. నూనె ఇడిసింది. రుమాలు ముడి విప్పి రమణ గడప దుమ్ము దాంట్ల పోసి కడిగిన. బురద పోయింది. తెల్లిసుక పోయింది. నల్లిసుక చిటికెడు మిగిలింది. దాని అంచున పసుపు గీత మెరిసిందని రాస్తే మీరు నమ్ముతరు, కండ్ల ఆపరేషన్ మంచిగైంది గద. మెరవలే. ఆ దుకాణంల నగలన్ని ఎక్కడినుంచో మిషన్ మీద తయారై డబ్బాలల్ల వస్తయి. ఆకురాయి పట్టే చెయ్యే లేదు, రాలి పడేదేముంటది? అప్పట్ల అవుసలోళ్ళ కాలి దుమ్ముల కూడ బంగారం ఉండేది. ఇప్పుడు బంగారం దుకాణం గడప మీద ఉత్త దుమ్ము.

కాని మెరవదన్న సంగతి నాకు తర్వాత తెలిసింది. నల్లిసుక మిగిలినప్పుడు, ఇంకా చివరి నీళ్ళు తిప్పకముందే, నా చేతులు వాటంతట అవే మరిగెను ఎత్తి పక్కకు చాపినయి. "ఇగో, తీస్కో" అని కూడ అన్న. అట్లనే పట్టుకొని కొంచెం సేపు కూసున్న. పక్కకెళ్ళి చెయ్యి రాలే. ఇవ్వాళ అడ్డం చెప్పేటోళ్ళు లేరు, తిప్పుకోవచ్చు. ఎట్ల తిప్పాల్నో మాత్రం నాకు తెల్వదు. ముసల్ది నేర్పకుంటనే పోయింది. నోటికొచ్చిన తిట్లన్ని తిట్టుకుంట, ఎటుపడితే అటు తిప్పి, నీళ్ళు ఒంపేసిన.